ఎంత కుంగాలి

కాలువగట్టు పక్క షెడ్డులో
ఫ్యాను తిరుగుతోంది గానీ వేడి కదలడం లేదు.
ఇంపీరియల్ లోయలో ఇది అక్టోబరని
ఎండకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు.

స్టాండు మీద మా తమ్ముడి క్వాడ్.
వెనక చక్రాలు రెండూ గాల్లో వేలాడేసుకుని
పశువుల డాక్టరు ముందు నిలబెట్టిన గొడ్డులా ఉంది.

వెనక షాకు కారడం మొదలై ఏడాది దాటింది.
కడ్డీకి జిడ్డు, జిడ్డుకి ఇసుక,
ఇసుకకి దిబ్బల వాసన.
లింకేజీ బోల్టు మొరాయించింది.
నూనె పోశాను. స్పానిష్‌లో తిట్టాను.
ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో నాలుగు వేశాను.
అయిదో దెబ్బకి ఊడొచ్చింది,
సూది బేరింగులు తుప్పుపొడిగా రాలాయి.

"మెల్లగా!" అని కుర్చీలోంచి కేక
ఎయుసెబియోది.
వాడు వంగకూడదు.
గడ్డిమోపుల ప్రెస్సు మీంచి పడ్డాడు మార్చిలో.
నడుంలో ఇప్పుడు నాలుగు మరలు,
నా డబ్బాలో లేని సైజు.

కొత్త షాకు బాగుంది, ఒప్పుకోవాలి.
పక్కనే చంకన పిల్లలా చిన్న సీసా,
అందులో నైట్రోజన్.
వాడి బరువుకి తగ్గట్టు ఎంచిన స్ప్రింగు.
ఫోన్లో వాడే చెప్పాడు: రెండు వందల ముప్ఫై పౌన్లు.

గ్రీజు కూరి, బోల్టులు బిగించి, కిందికి దించాం.
ఇరుసు నుంచి మడ్‌గార్డు దాకా
ఖాళీ బండికి ఇరవై నాలుగు అంగుళాలు.
"ఇప్పుడు ఎక్కు."
హెల్మెట్, బూట్లు, నడుం పట్టీ,
ఎక్కడానికే రెండు నిమిషాలు.
టేపు పట్టుకుని వాడి కొడుకు ఇలారియో చదివాడు:
ఇరవై మూడు.

ఒక్క అంగుళమే.
మూడు దాటి కుంగాలి.

"కుంగకపోతే మంచిదే కదా అత్తా?"

కాదురా.
ముందే కొంచెం కుంగి ఉన్న చక్రమే
గుంట వచ్చినప్పుడు కాలు చాపి నేలని అందుకుంటుంది.
అస్సలు కుంగననేది
గుంట మీద గాల్లో ఉండిపోతుంది,
ఆ తర్వాత ఎక్కడ పడుతుందో దానికే తెలీదు.

నేను ఇంట్లోకి వెళ్ళి
బాత్రూంలోంచి బరువు చూసే మిషన్ తెచ్చి
నూనె మరకల మీద పెట్టాను.
వాడు దాన్ని చూశాడు. నన్ను చూశాడు.
ఎక్కాడు.

నూట ఎనభై ఆరు.
బూట్లతో, హెల్మెట్‌తో.

"మిషన్ చెడిపోయింది."
ఇలారియో ఎక్కి నిలబడ్డాడు.
"డెబ్భై ఒకటి. బడిలో నర్సు కూడా ఇంతే చెప్పింది."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.
మనిషి తగ్గాడు.
మనిషి నోట్లో అంకె తగ్గలేదు.

ఈసారి ఫోను నేను చేశాను.
తొమ్మిది రోజులకి వచ్చింది,
కాస్త సన్నం తీగ చుట్ట.
మూడుంపావు కుంగింది. బండి ఊపిరి వదిలినట్టు.
గట్టి స్ప్రింగుని మాత్రం వెనక్కి పంపనివ్వలేదు.
పెయింటు డబ్బాల వెనక దాచాడు.
పెరుగుతాను కదా, అంటాడు.

దిబ్బల దగ్గరికి తెల్లారకముందే వెళ్ళాం.
నిన్నటి జాడలన్నీ రాత్రి గాలి చెరిపేసింది.
వాడు వెళ్తుంటే
నేను వాణ్ణి చూడలేదు, అబద్ధమెందుకు,
వెనక చక్రాల్నే చూశాను.
దిగాయి, ఇసుకని అందుకున్నాయి, లేచాయి.
మళ్ళీ దిగాయి.
ఒక పెద్ద దిబ్బ వెనక్కి వెళ్ళి
ఎంతసేపటికీ రాలేదు.
ఇలారియో నా చొక్కా అంచు పట్టుకున్నాడు.

వచ్చాడు.
ఇంజను ఆపి, గాగుల్స్ తీసి,
కళ్ళ చుట్టూ రెండు తెల్లటి వలయాలతో
కాసేపు అలాగే కూర్చున్నాడు.
నడుం గురించి ఏమంటాడో అని నేను.

"లేచేటప్పుడు కాస్త తన్నుతోందక్కా,
రెండు క్లిక్కులు బిగించు."

స్క్రూడ్రైవరు ఎడమ జేబులో ఉంది.
మోకాళ్ళ మీద కూర్చున్నాను, చల్లటి ఇసుకలో.
ఒకటి.